మూరెడు దూరంలో ఫ్యూజు

ఏలూరులో పెళ్లి. భోజనాలయ్యేసరికి రాత్రి పది దాటింది. 'తెల్లారి వెళ్దురుగానిలెండి' అని పెళ్లివారు ఎంత బతిమాలినా మాస్టారు వినలేదు. మర్నాడు స్కూలుంది మరి! పక్క సీట్లో భార్య, వెనక కూతురు, ఆమె ఒళ్లో నిద్రపోతున్న ఐదేళ్ల మనవరాలు. హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే దిగి గుడివాడ రోడ్డెక్కింది కారు. మాఘమాసపు చలి. అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి. కొత్త స్టీరియోలో పాత పాటలు సన్నగా వినిపిస్తున్నాయి.

"ఏవండీ... ఏదో కమురు వాసన రావట్లా?"

"పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారేమోలే" అన్నారు మాస్టారు.

రోడ్డు మీద గుంతలు. కుదుపు తగిలినప్పుడల్లా స్టీరియో తెర ఒకసారి మినుకుమని మళ్లీ వెలుగుతోంది. ఇంతలో వెనక సీట్లో మనవరాలు నిద్రలోనే దగ్గింది. మాస్టారు కిందికి చూశారు. డ్యాష్‌బోర్డు కింద, క్లచ్ పెడల్ పైనుంచి సన్నగా పొగ!

కారు పక్కకి తీసి ఆపారు. తాళం తిప్పి కీ చేతిలోకి తీసేసుకున్నారు. పాట ఆగింది. ఇంజిన్ ఆగింది.

పొగ మాత్రం ఆగలేదు.

'కీ తీసేశాక ఇంకా కరెంటెక్కడిది?' అన్న ప్రశ్న ఆ క్షణంలో ఆయనకి తట్టిందిగానీ, జవాబు వెతికే తీరిక లేదు. అందర్నీ దించి, పాపని ఎత్తుకుని దూరంగా వెళ్లమని చెప్పారు. బానెట్ ఎత్తితే లోపల మంటయితే లేదు. బ్యాటరీ ప్లస్ నుంచి వెళ్తున్న ఎర్ర వైరు మాత్రం మెత్తబడి, తొడుగు బుడగలు బుడగలుగా పొంగుతోంది. చేత్తో లాగబోతే చుర్రుమంది. స్పానర్ ఉందా? లేదు.

అదృష్టం... ఎదురుగా వస్తున్న చేపల లారీ ఆగింది. డ్రైవరు ఒక్క చూపు చూసి క్లీనర్ కుర్రాణ్ని కేకేశాడు. "పదో నంబరు స్పానర్ తేరా! ముందు మైనస్ పీకెయ్!" కుర్రాడు చిటికెలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పేశాడు. నిమిషంలో పొగ సద్దుమణిగింది. ఆ ఎర్ర వైరుని ప్లస్ నుంచి కూడా తప్పించి, చివరికి టేపు చుట్టి, మైనస్ మళ్లీ బిగించి, "ఇక మెల్లగా పోనీండి సార్. ఆ పాటల పెట్టె జోలికి మాత్రం వెళ్లకండి" అన్నాడు డ్రైవరు. డబ్బులిస్తే తీసుకోలేదు.

"తాతయ్యా, కారుకి జ్వరమొచ్చిందా?" అనడిగింది మనవరాలు. ఎవరూ నవ్వలేదు. అద్దాలు దించుకుని, చలికి ముడుచుకుని ఇంటికి చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు కూడా.

సంక్రాంతి కానుక

మాస్టారు గుడివాడలో ఫిజిక్స్ చెబుతారు. పాతికేళ్ల సర్వీసు. విద్యుత్ పాఠం వచ్చిందంటే పిల్లలకి పండగే. బ్యాటరీలు, బల్బులు, తీగలు అన్నీ బల్ల మీద పరిచి చేసి చూపిస్తారు. ఓమ్ నియమం, జూల్ నియమం... ఆయన దగ్గర చదివినవాళ్లు ఎప్పటికీ మర్చిపోరని పేరు.

మూడేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో చిన్న కారు కొన్నారు. అందులో ఉన్న పాత టేపు ఎప్పుడో మూగబోయింది. ఆయనకి దిగులేమీ లేదుగానీ, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అబ్బాయికి ఉంది. నాన్నకి పాటలంటే ఇష్టమని వాడికి తెలుసు. సంక్రాంతికి వస్తూ వస్తూ టచ్‌స్క్రీన్ స్టీరియో, నాలుగు స్పీకర్లు, ఒక ఆంప్లిఫయర్, డిక్కీలోకి ఊఫర్ పెట్టె తెచ్చాడు. భోగి ముందురోజు ఓ దుకాణంలో పెట్టించాడు. రెండు గంటల్లో పనైపోయింది. కారు తలుపులు దడదడలాడేలా పాట మోగుతుంటే అబ్బాయి మొహంలో వెలుగు చూసి మాస్టారు మురిసిపోయారు. బిగించినవాళ్లు వైర్లు ఎక్కడినుంచి లాగారు, ఎలా కలిపారు అని ఒక్కమాట అడగలేదు. బానెట్ ఎత్తి చూడనూ లేదు.

అందుకే ఏలూరు నుంచి వచ్చిన ఆ రాత్రి ఆయనకి నిద్రపట్టలేదు. అబ్బాయికి ఫోన్ చేయాలా? చేస్తే ఏం చెప్పాలి? 'నువ్విచ్చిన కానుక మమ్మల్ని తగలబెట్టబోయిందిరా' అనా? చేయలేదు. భార్యని కూడా చెప్పొద్దన్నారు.

ఆటోనగర్‌లో పోస్ట్‌మార్టం

లారీ బాడీలు కట్టడంలో పేరుమోసిన ఊరు విజయవాడ ఆటోనగర్. ఆ సందుల్లో ఓ చిన్న షెడ్డు. అరవై దాటిన ఆటో ఎలక్ట్రీషియన్ మేస్త్రి ఒకరు అక్కడ నలభయ్యేళ్లుగా వైర్లతోనే కాపురం చేస్తున్నారు. తర్వాతి ఆదివారం మాస్టారు కారు ఆయన ముందు నిలబెట్టారు.

మేస్త్రి ముందు ఏమీ ముట్టుకోలేదు. టార్చిలైటు వేసుకుని ఎర్ర వైరు వెంట బ్యాటరీ నుంచి డిక్కీదాకా మెల్లగా చూసుకుంటూ వెళ్లారు. తిరిగొచ్చి చేతులు తుడుచుకుంటూ అన్నారు: "ఇందులో ఒక్క తప్పు కాదండీ మాస్టారూ, నాలుగున్నాయి. అన్నీ కలిసొచ్చినా బతికి బయటపడ్డారు. వెంకన్నకి మొక్కుకోండి."

మొదటిది... ఇంజిన్‌కీ, మనం కూర్చునే చోటుకీ మధ్య ఇనుప రేకు గోడ ఉంటుంది. దానికి ఉన్న ఓ కన్నంలోంచి వైరుని లోపలికి దూర్చారు. కన్నానికి రబ్బరు బుష్ లేదు. రేకు అంచు కత్తిలాంటిది. కారు కదిలినప్పుడల్లా తొడుగుని కొంచెం కొంచెంగా కోసింది. నెల తిరిగేసరికి రాగి బయటపడి బాడీకి తగిలింది. కారులో బాడీ అంటే మైనస్. అంటే ప్లస్, మైనస్ నేరుగా ముద్దుపెట్టుకున్నాయన్నమాట!

"పూర్తిగా అతుక్కోకుండా తగులుతూ వదులుతూ ఉంది కాబట్టి పొగతో పోయింది. గట్టిగా అతుక్కుని ఉంటే వందల ఆంపియర్లు పారేవి. వైరు ఎర్రగా కాలి, పక్కనున్న ప్లాస్టిక్ అంటుకునేది" అన్నారు మేస్త్రి.

"ఫ్యూజు పెట్టారుగా, అదెందుకు పోలేదు?" మాస్టారి సందేహం.

మేస్త్రి నవ్వి డిక్కీ దగ్గరికి తీసుకెళ్లారు. ఫ్యూజు ఉంది. ఊఫర్ పెట్టె పక్కన, ఆంప్లిఫయర్‌కి ఆనుకుని! ఇదే రెండో తప్పు. షార్టు అయింది ముందు, ఫ్యూజున్నది వెనక. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు సగం దారిలోనే బాడీలోకి పారిపోతుంటే, డిక్కీలో ఉన్న కాపలావాడికి కబురెలా తెలుస్తుంది? "బ్యాటరీ నుంచి మూరెడు దూరంలోపే ఫ్యూజుండాలండీ. అంతకన్నా దూరం పోతే, ఆ మధ్యనున్న వైరుకి దిక్కెవరూ లేనట్టే."

కీ తీసేసినా పొగ ఎందుకు ఆగలేదో కూడా మాస్టారికి అప్పుడర్థమైంది. ఆంప్లిఫయర్ వైరు కీ మీదుగా రాదు. నేరుగా బ్యాటరీ నుంచే వస్తుంది. ఇంజిన్ ఆపినా, కారు ఇంటి ముందు నిద్రపోతున్నా అందులో 12 వోల్టులు మేలుకునే ఉంటాయి. పెళ్లి నుంచి వస్తూ కాబట్టి వాసన తెలిసింది. అదే అర్ధరాత్రి ఇంటి ముందు నిలబెట్టి ఉంటే?

12 వోల్టులే కదా అంటే...

'కరెంటు షాకే కొట్టదు, 12 వోల్టులు ఏం చేస్తాయి?' అని చాలామంది ధీమా. షాకు వేరు, వేడి వేరు. ఇంట్లో 230 వోల్టుల మీద 100 వాట్ల బల్బు వెలగాలంటే అర ఆంపియరు కూడా అక్కర్లేదు. అదే 100 వాట్లు కారులో 12 వోల్టుల నుంచి లాగాలంటే 8 ఆంపియర్లు దాటుతుంది. వోల్టులు తగ్గినకొద్దీ ఆంపియర్లు పెరుగుతాయి. వైరుని వేడెక్కించేది ఆంపియర్లే. అదీ మామూలుగా కాదు... కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు!

మూడో తప్పు సన్న వైరు. మేస్త్రి దాన్ని కత్తిరించి, పోగుల్ని బ్లేడుతో గీరి చూపించారు. పైన రాగి రంగు, లోపల తెల్లటి అల్యూమినియం. రాగితో పోలిస్తే అల్యూమినియం కరెంటుని మోసేది దాదాపు అరవై శాతమే. తొడుగు లావుగా ఉంటుంది కాబట్టి చూడ్డానికి మాత్రం బొద్దుగానే కనిపిస్తుంది.

మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. బిల్లు పుస్తకం అట్ట వెనక లెక్క మొదలుపెట్టారు. ఆంప్లిఫయర్ నిజంగా 400 వాట్లిస్తే, వేడిగా వృథా అయ్యేది కూడా కలుపుకొని గరిష్ఠంగా 50 ఆంపియర్లదాకా లాగుతుంది. డిక్కీదాకా వైరు 5 మీటర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి వైరే అనుకున్నా, 50 ఆంపియర్ల దగ్గర దారిలోనే ఒక వోల్టు పైన పోతుంది. 50 వాట్లకి పైగా వేడి కార్పెట్ కిందే పుడుతుంది. అదే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వేస్తే పోయేది పావు వోల్టు చిల్లర, వేడి పదమూడు వాట్లు. అల్యూమినియం అయితే చెప్పేదేముంది!

"అంతా మీకే తెలుసుగదండీ మాస్టారూ!" అని ఆశ్చర్యపోయారు మేస్త్రి.

మాస్టారు తలెత్తలేదు. తెలుసు. ఏటా రెండు సెక్షన్లకి చెబుతూనే ఉన్నారు. బోర్డు మీదున్న ఆ పాఠం బడి గేటు దాటి సొంత కారుదాకా రాలేదంతే.

నాలుగో తప్పు ఎర్త్. ఆంప్లిఫయర్ మైనస్ వైరుని రంగు మీదే ఓ స్క్రూతో బిగించారు. రంగు కరెంటుని పారనివ్వదు. స్క్రూ మరల దగ్గర కాస్త చోటు దొరికితే అక్కడే అంతా దూరాలి. అక్కడ వేడి, స్పీకర్లలో ఇంజిన్ స్పీడుతోపాటు పెరిగే 'కుయ్' మనే రొద. మాస్టారికి గుర్తొచ్చింది... కొత్త స్టీరియో అంటే అలాగే ఉంటుందేమో అనుకుని ఆ రొదకి అలవాటుపడ్డారు కూడా!

అంటుకున్న కారు కథ

కారులో పాటకీ పొగకీ ఉన్న చుట్టరికం ఇవాళ్టిది కాదు. అమెరికాలోని షికాగోలో పాల్ గాల్విన్ కంపెనీ 1930లో కారు రేడియో తయారుచేసింది. 'మోటరోలా' అన్న పేరు పుట్టింది దానికోసమే. అప్పు కోసం వెళ్లిన గాల్విన్, ఓ బ్యాంకరు కారుకి తన మనుషులతో రేడియో పెట్టించాడనీ, అరగంటలో ఆ కారు అంటుకుందనీ ఒక కథ చెబుతారు. అప్పు పుట్టలేదని వేరే చెప్పాలా!

అప్పటికీ ఇప్పటికీ సామాన్లు మారాయి. సూత్రం మారలేదు. కంపెనీలో కారుతోపాటు వచ్చిన ప్రతి వైరుకీ లెక్క ఉంటుంది. ఎంత లోడు, ఎంత లావు, ఏ ఫ్యూజు అని ముందే చూసి పెడతారు. తర్వాత మనం తగిలించే స్టీరియో, కెమెరా, లైట్లు, చార్జర్లు ఆ లెక్కలో లేవు. వాటి లెక్క మనమే చూసుకోవాలి.

సాయంత్రందాకా పని

మేస్త్రి పని మొదలుపెట్టింది బ్యాటరీ మైనస్ విప్పడంతో. "విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. ఇదొక్కటీ గుర్తుంచుకుంటే సగం ప్రమాదాలు రావు." ఎందుకంటే ప్లస్ విప్పుతున్న స్పానర్ పొరపాటున బాడీకి తగిలితే పెద్ద మెరుపే. మైనస్ ముందే తీసేస్తే కరెంటుకి తిరుగుదారి ఉండదు, స్పానర్ తగిలినా ఏమీ కాదు.

కాలిన వైరంతా లాగేశారు. పక్కనున్న కంపెనీ వైర్ల కట్టకి సెగ తగిలిందేమో ఒక్కొక్కటీ విప్పి చూశారు. రెండింటికి తొడుగు మార్చారు. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు డబ్బీ బిగించారు. అసలు రాగి వైరు, దానిపైన ముడతల గొట్టం, రేకు కన్నానికి రబ్బరు బుష్. కరెంటు వైరు కారుకి ఓ పక్కనుంచి, పాట మోసుకెళ్లే వైరు రెండో పక్కనుంచి. రెంటినీ జంటగా పడుకోబెడితే పాటలో రొద కలుస్తుంది మరి. డిక్కీలో రేకు మీద రంగు గీరి, లోహం తళతళలాడాక, లగ్గు పెట్టి బోల్టుతో ఎర్త్ బిగించారు. ప్లస్ ఎంత లావో మైనస్ కూడా అంతే లావు. కన్నం వేసే ముందు కారు కిందికి దూరి, అక్కడ పెట్రోలు ట్యాంకుగానీ బ్రేకు పైపుగానీ లేదని చూసొచ్చారు.

తర్వాత స్టీరియో బయటికి లాగారు. వెనక రంగురంగుల వైర్లు. వాటికీ ఓ భాష ఉంది. బయట కొనే స్టీరియోల్లో సాధారణంగా పసుపు వైరు ఎప్పుడూ కరెంటుండేది. స్టేషన్లు, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి. ఎరుపు కీ తిప్పితేనే వచ్చేది. నలుపు ఎర్త్. నీలం మీద తెల్ల గీత ఉన్నది ఆంప్లిఫయర్‌ని నిద్రలేపేది. పసుపు, ఎరుపు రెండూ కలిపి ఎప్పుడూ ఉండే కరెంటుకి ఇచ్చేస్తే స్టీరియో ఆఫ్ చేయడం మరిచిన రాత్రి బ్యాటరీ ఖాళీ. తెల్లారి సెల్ఫ్ కొడితే 'టక్' మని ఊరుకుంటుంది.

దుకాణంవాళ్లు వైర్లు మెలేసి నల్లటేపు చుట్టారు. "మన బెజవాడ ఎండకి టేపు జిగురు కారిపోతుందండీ. మే నెలకల్లా ఊడొస్తుంది." అన్నిటికీ కారుకి సరిపోయే కప్లర్ తెప్పించి తగిలించారు. దాంతో కంపెనీ వైరు ఒక్కటీ కొయ్యక్కర్లేదు. కొత్త కార్లలో అయితే ఇది మరీ ముఖ్యం. ఎక్కడపడితే అక్కడ వైరు కోస్తే వారంటీ దగ్గర పేచీ వస్తుంది. పసుపు కప్లర్లున్నవి ఎయిర్‌బ్యాగ్‌లవి, ముట్టుకోకూడదు. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలైతే వందల వోల్టులవి, వాటి దరిదాపులకి కూడా పోకూడదు.

పనంతా అయ్యాక మేస్త్రి ఓ మాట చెప్పారు. "ఫ్యూజు పోయిందంటే విసుక్కోకండి. అది మీకోసం పోయినట్టు. దాని చోట పెద్ద ఫ్యూజో, సిగరెట్ పెట్టెలో వెండికాగితమో పెట్టారంటే కాపలావాడి కాళ్లూ చేతులూ కట్టేసినట్టే. ఎందుకు పోయిందో చూసుకుని, అదే నంబరుది వేయండి. ఇంకోటి... పొగ వస్తే మైనస్ పీకొచ్చుగానీ, మంట కనిపిస్తే బానెట్ ఎత్తకండి. గాలి తగిలితే ఎగదన్నుతుంది. అందర్నీ దించేసి దూరం జరిగి 101కి ఫోన్ చేయండి. కారు పోతే పోయింది."

మీ కారుకి కూడా ఏదైనా పెట్టించాలనుకుంటున్నారా? అయితే డబ్బులిచ్చే ముందు దుకాణంలో ఈ నాలుగూ అడగండి. ఫ్యూజు ఎక్కడ పెడతారు? వైరు అసలు రాగేనా, ఎంత లావు? రేకు కన్నానికి బుష్ ఉందా? ఎర్త్ ఎక్కడ బిగిస్తున్నారు? జవాబు చెప్పడానికి విసుక్కుంటే ఇంకో దుకాణం చూసుకోవడమే. వస్తువుల బిల్లు దాచుకుని ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ఓ మాట చెప్పండి. బయట పెట్టించిన ఎలక్ట్రికల్ సామాన్లకి విడిగా ప్రీమియం కట్టి పాలసీలో రాయించుకోవాలి.

ఉగాదికి అబ్బాయొచ్చాడు

దాచమన్న విషయం దాగలేదు. మనవరాలే ఫోన్లో మేనమామకి చెప్పేసింది, 'మన కారుకి జ్వరమొచ్చింది మావయ్యా' అని. ఉగాదికి వచ్చిన అబ్బాయి సంచి కూడా లోపల పెట్టకుండా నేరుగా కారు దగ్గరికెళ్లాడు. బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. మాస్టారు వెనకే వెళ్లి నిలబడ్డారు.

"నేను తెచ్చిన దానివల్లే కదా నాన్నా..." వాడి గొంతు పూడుకుపోయింది.

"నువ్వు తెచ్చినవి మంచివేరా. ఇప్పుడూ అవే మోగుతున్నాయి. బిగిస్తుంటే పక్కన నిలబడి చూడాల్సింది నేను. ఫిజిక్స్ మాస్టార్ని, నాకూ తట్టలేదు. ఆ బుద్ధి నాకుండాలి, నీక్కాదు" అన్నారాయన. తర్వాత ఫ్యూజు డబ్బీ మూత తీసి, అది ఎందుకక్కడుందో, మూరెడు దూరం ఎందుకో మొదలుపెట్టారు. అబ్బాయి మళ్లీ పదో తరగతి కుర్రాడిలా బుద్ధిగా విన్నాడు.

ఆ కాలిన వైరు ముక్క ఇప్పుడు బడి ల్యాబ్‌లో ఓ అట్టకి కుట్టి ఉంది. విద్యుత్ పాఠం వచ్చినప్పుడల్లా మాస్టారు దాన్ని పిల్లల చేతికిస్తారు. బుడగలు కట్టిన తొడుగుని వాళ్లు వేళ్లతో తడిమి చూస్తారు. కొందరు వాసన కూడా చూస్తారు. "ఫ్యూజు ఎవర్ని కాపాడుతుందిరా, స్టీరియోనా?" అని అడుగుతారాయన. చాలామంది అవునంటారు.

"కాదర్రా. వైరుని. వైరుంటే కారుంటుంది. కారుంటే..." అంటారు. ఆ తర్వాత మాట పూర్తిచేయరు. చాక్‌పీసు తీసుకుని బోర్డువైపు తిరుగుతారు.